బయటి దేశం సైట్లో కొన్న సైకిల్ పార్టు పట్టట్లేదా? ఎక్కడ తేడా కొట్టిందో ఇలా చూసుకోండి

ఒడిశా బోర్డర్లో ఉన్న మా పర్లాకిమిడిలో నల్ల సైకిల్ సామాను ఏ షాపుకెళ్లినా దొరుకుతుంది, గేర్ సైకిల్ సామాను కావాలంటే మాత్రం బరంపురమో విశాఖపట్నమో పోవాలి, అక్కడికెళ్లినా మనకి కావల్సిన సైజే ఉంటుందని గ్యారంటీ లేదు. అందుకే కుర్రాళ్లంతా ఫోన్లో బయటి దేశం లిస్టింగులు చూసి ఆర్డర్ పెట్టీస్తన్నారు. చైనా సైట్ అలీఎక్స్‌ప్రెస్‌ని 2020 నవంబరులో కేంద్రం ఇంకో 42 యాప్‌లతో కలిపి ఆపేసిన దగ్గర్నుంచీ ఎక్కువమంది ఈబే మీదో, మన సైట్లలోనే "విదేశం నుంచి వస్తుంది" అని రాసుండే సరుకు మీదో ఆధారపడ్డారు. తప్పేం లేదు, నేనూ తెప్పించుకుంటాను. కానీ పట్టలేదని మా అరుగు మీదకి వచ్చిన పార్టుల్లో పాడైనవి చాలా తక్కువ, ఎక్కువ భాగం మంచి సరుకే, ఆ సైకిల్‌ది కాదంతే. పాత పార్టు మీద ఉన్న నంబరు చదవకుండా పేరు చూసి కొన్నవి.

టైరు రిమ్ముకి ఎక్కట్లేదు

అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మా పిన్ని కొడుకు వాళ్ల నాన్న సైకిల్‌కి మంచి టైర్లు వేద్దామని ముచ్చటపడి తెప్పించాడు, సాయంత్రం అంతా కుస్తీ పట్టి, రెండు టైరు లివర్లు వంచేసి, "అన్నియ్యా, 28 అనే కదా రాసుంది, ఎందుకు ఎక్కట్లేదు?" అని పట్టుకొచ్చాడు.

28 అనేది పేరు మాత్రమే, కొలత కాదు. మన పాత నల్ల సైకిళ్లకి ఉండేది 28 × 1½, దాని రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. బయటి లిస్టింగుల్లో 28 అని కనపడేది చాలావరకు 700సీ, అంటే 622. మధ్యలో 13 మిల్లీమీటర్ల తేడా, అంత తేడాలో టైరు అంచులో ఉండే తీగ సాగదు, బలవంతం చేస్తే తీగ తెగుద్ది లేదా రిమ్ము వంగుద్ది.

26 సైజుతో ఇంకా గొడవ. ఆడపిల్లల సైకిళ్లకి వచ్చే 26 × 1⅜ ఉంది చూడండి, అది 590. లావు టైరు కొండ సైకిల్ 26 × 1.95 అయితే 559. ఇంకోటి గమనించండి, 26 × 1.5 అని చుక్క పెట్టి రాస్తే 559, అదే 26 × 1½ అని భిన్నంలో రాస్తే 584. లెక్కల మాస్టారికి రెండూ ఒకటే, టైరుకి మాత్రం ఒకటి కాదు.

పరిష్కారం తేలిక. పాత టైరు పక్కన గుడ్డతో తుడిస్తే 40-635, 37-590 ఇలా రెండు అంకెలు కనపడతాయి, మొదటిది వెడల్పు, రెండోది వ్యాసం. రెండో అంకె మీ పాత టైరుకీ లిస్టింగుకీ ఒకటే అయితేనే కొనండి. లిస్టింగులో ఆ అంకె లేకపోతే అమ్మేవాడికి మెసేజ్ పెట్టి అడగండి, చెప్పకపోతే వదిలేయండి. పాత టైరు మీద అంకెలు చెరిగిపోయాయని టేపు పెట్టి రిమ్ము బయటి అంచు కొలిచేరో, మోసపోతారు. ఎందుకంటే రిమ్ము అంచు ఎత్తు రెండు వైపులా కలిపి దగ్గర దగ్గర 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 622 రిమ్ము బయటి అంచు కొలిస్తే 634 వచ్చి, ఆహా ఇది 635 అనుకుంటారు. టైరు తీసి, అంచు లోపల టైరు కూర్చునే గట్టు దగ్గర కొలవండి.

ఇంకో మాట, 635 టైరు కోసం సముద్రం దాటి పోనక్కర్లేదు. మన దేశంలోనే తయారవుతుంది, సందు చివర షాపులో ఉంటుంది, చవక కూడా.

ట్యూబు కొనేటప్పుడు వాల్వు చూసుకోండి. సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వుకి 6.5 మిల్లీమీటర్ల కన్నం చాలు, మోటార్ సైకిల్‌కి ఉండే లాంటి ష్రేడర్ వాల్వుకి 8.5 కావాలి. పెద్ద కన్నంలో సన్న వాల్వు వేస్తే కదిలి కదిలి వాల్వు మొదలు దగ్గర కోసుకుపోతుంది, రబ్బరు బుష్ వేసుకోవాలి. అసలు గాలి పట్టించుకోడానికి పెట్రోల్ బంకే దిక్కు అయిన మనలాంటి చోట ష్రేడర్ తీసుకోడమే సుఖం.

కొత్త గేరు పళ్లు హబ్బులో (చక్రం మధ్య భాగం) దిగట్లేదు, లేదా టూలు పట్టట్లేదు

కారణం ఒకటే, వెనక చక్రానికి రెండు రకాలున్నాయని తెలీకపోవడం. తక్కువ ధర గేర్ సైకిళ్లలో, అందులోనూ 7 గేర్లవాటిలో, ఎక్కువగా ఉండేది ఫ్రీవీల్, అది హబ్బు మీద మరలాగా తిరిగి బిగుసుకుంటుంది, కరకరలాడే భాగం దాని లోపలే ఉంటుంది. క్యాసెట్ అయితే ఆ భాగం హబ్బులో ఉండి, పళ్లు గాడుల మీద జారి కూర్చుంటాయి. ఒకదాని చోట ఒకటి పట్టదు గాక పట్టదు.

ఆర్డర్ పెట్టే ముందే చక్రం విప్పి పళ్లని వెనక్కి తిప్పండి. మధ్యలో టూలు దిగే గాడులు పళ్లతో పాటు తిరిగితే క్యాసెట్, అవి కదలకుండా ఉండి పళ్లే తిరిగితే ఫ్రీవీల్. అర నిమిషం పని.

టూలు విషయంలో కూడా జాగ్రత్త, షిమానో ఫ్రీవీల్ విప్పేదీ క్యాసెట్ విప్పేదీ రెండూ 12 గాడులవే, ఫోటోలో ఒకేలా ఉంటాయి, సైజులో రవ్వంత తేడా. సరిపోని టూలు పెట్టి బలం చూపిస్తే గాడులు నలిగిపోతాయి, ఇంక ఆ ఫ్రీవీల్ బయటకి రావడం నరకం. ఫ్రీవీల్ మనం తొక్కే కొద్దీ బిగుసుకుంటూ పోతుంది కాబట్టి చిన్న పానాకి లొంగదు. టూలుని వెల్డింగ్ షాపులో వైస్‌కి బిగించి, చక్రాన్నే కారు స్టీరింగ్‌లాగా ఎడమకి తిప్పండి, టక్కుమని వదిలేస్తుంది. కొత్తది వేసేటప్పుడు మరకి గ్రీజు రాయకుండా వేయకండి, దయచేసి.

కొత్త చైను వేశాక తొక్కితే ఎగిరిపోతోంది

చైను డూప్లికేట్ అని తిట్టేస్తారు. నిజంగా డూప్లికేట్లు ఉన్నాయి, పేరున్న కంపెనీ డబ్బాలో ఊరూ పేరూ లేని చైను వస్తుంది, అది లింకుల అంచులు గరుగ్గా ఉండటం, అక్షరాలు వంకరగా పడటం బట్టి తెలిసిపోతుంది. కానీ ముందు మీ పాత చైను కొలవండి. చైనులో 12 జతల లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒక జత) కొత్తలో కచ్చితంగా 12 అంగుళాలు ఉండాలి. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి స్కేలు పెడితే అంగుళంలో పదహారో వంతు ఎక్కువొచ్చిందంటే చైను మార్చే టైమ్ వచ్చినట్టు, ఎనిమిదో వంతు ఎక్కువొస్తే వెనక పళ్లు కూడా దాంతో పాటే అరిగిపోయినట్టు. అలా అరిగిన పళ్ల మీద ఏ కంపెనీ కొత్త చైను వేసినా ఎగురుద్ది, పళ్లు కూడా మార్చాల్సిందే.

అది కాకపోతే వెడల్పు చూడండి. 6, 7, 8 గేర్లకి ఒక చైను నడుస్తుంది, 9 గేర్లది సన్నం. సింగిల్ గేరు నల్ల సైకిల్ చైను వీటన్నిటికన్నా లావు, గేర్ సైకిల్‌కి పనికిరాదు.

క్రాంకు (పెడల్ తగిలించే చెయ్యి) ఊడట్లేదు, పుల్లర్ (దాన్ని లాగే టూలు) పట్టే మరలు ఊడొచ్చేశాయి

ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే పది నిమిషాలు ఆగి ఉంటే క్రాంకు బతికేది. చవక పుల్లర్ అనేది సగం కారణమే. మిగతా సగం ఏంటంటే, బోల్టు తీసి దాని వెనక ఉన్న వాషర్ తీయడం మర్చిపోతారు, పుల్లర్ ఆ వాషర్‌ని నెట్టుకుంటూ ఉంటుంది, క్రాంకు కదలదు, చివరికి క్రాంకులో ఉన్న మెత్తటి అల్యూమినియం మరలు లేచొస్తాయి. టార్చి వేసి లోపల వాషర్ లేదని చూసుకుని, మరలు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పుల్లర్‌ని చేత్తో పూర్తిగా దిగేదాకా తిప్పి, అప్పుడు పానా పెట్టండి. రెండు చుట్లు దిగింది కదా చాలు అనుకోవద్దు. మరలు పోయాక ఒక దారి ఉంది, బోల్టు తీసేసి ఇంటి ముందే నెమ్మదిగా తొక్కుతూ ఉంటే కాసేపటికి క్రాంకు దానంతటదే వదులవుతుంది, రోడ్డు మీదకి మాత్రం పోకండి.

ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, అది టూలు తప్పు కాదు.

లైటు పది నిమిషాలకే నీరసపడుతోంది

లైటులో వేసే 18650 సైజు ఛార్జింగ్ సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని రాసుంటే అది అబద్ధం. ఆ సైజు సెల్లులో మంచి కంపెనీవే ఎక్కువగా 3500 దగ్గర ఆగుతాయి. సెల్లు ఇక్కడ నమ్మకమైన చోట కొనుక్కోండి.

ఇదే సందర్భంలో చెప్పేస్తాను, హేండిల్, స్టెమ్ (హేండిల్‌ని పట్టుకునే ముక్క), ముందు ఫోర్కు, బ్రేకు లివర్లు పేరు లేని అమ్మకందారు దగ్గర కొనకండి, కార్బన్ హేండిల్ అయితే అసలే వద్దు. ఆర్.ఉదయగిరి ఘాటీ దిగుతుంటే హేండిల్ విరిగితే రిఫండ్ ఎవడికి కావాలి. టూల్సు, పళ్లు, చైను, బెల్లు, గ్రిప్పులు, డిరైలర్ హేంగరు (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకి తగిలించే ముక్క), ఇవి తెప్పించుకోండి. హేంగరు మాత్రం పాతది విప్పి స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, కన్నాల మధ్య దూరం లిస్టింగు బొమ్మతో పోల్చి చూడండి, వందల రకాలున్నాయి.

పార్సెల్ రానే లేదు

మన బోర్డర్ ఊళ్లకి ఇదొక ప్రత్యేకమైన జబ్బు. ఊరు 1936 ఏప్రిల్ నుంచీ ఒడిశాలో ఉంది, ఇంట్లో మాట తెలుగు, సంతకి పక్కనున్న పాతపట్నం పోతాం, దాంతో ఎవరో ఒకరు అడ్రస్‌లో ఆంధ్రప్రదేశ్, శ్రీకాకుళం జిల్లా అని పెట్టీస్తారు, పిన్‌కోడ్ మాత్రం మన 76తో మొదలయ్యేది. 76 ఒడిశాది, 53 ఆంధ్రాది, రెండూ కలిస్తే పార్సెల్ అటూ ఇటూ తిరుగుతుంది. రాష్ట్రం ఒడిశా, జిల్లా గజపతి, ఊరి స్పెల్లింగ్ పోస్టాఫీసు బోర్డు మీద ఉన్నట్టే పరలఖేముండి అని పెట్టండి, కింద మొబైల్ నంబరు రాయండి.

ట్రాకింగ్ నంబరు చూడండి. పోస్టులో వచ్చేదైతే ముందు రెండు అక్షరాలు, మధ్యలో 9 అంకెలు, చివర పంపిన దేశం రెండక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరం ఆర్ అయితే రిజిస్టర్డ్, యూ అయితే అది మామూలు పాకెట్టు, దేశంలోకి వచ్చాక జాడ దొరకదని ముందే అనుకోవాలి.

కస్టమ్స్ దగ్గర ఆగిందంటే సుంకం కట్టాలి, ఆ సుంకం వస్తువు ధర మీద మాత్రమే కాదు, షిప్పింగ్ కూడా కలిపి లెక్కేస్తారు. గిఫ్ట్ అని రాయించుకుంటే వదిలేస్తారని ఇప్పటికీ కొందరు చెప్తుంటారు, ఆ వెసులుబాటు 2019 డిసెంబరులోనే పోయింది, రాఖీలకీ ప్రాణాధార మందులకీ తప్ప. అందుకే 300 రూపాయల టూలు చూసి మురిసిపోకుండా సుంకం, షిప్పింగ్ వేసుకుని బరంపురం బస్సు టికెట్టుతో పోల్చుకోండి. "పార్సెల్ ఆగింది, ఈ లింకులో 25 రూపాయలు కట్టండి" అని మెసేజ్ వస్తే నొక్కకండి, నేరుగా పోస్టాఫీసుకెళ్లి నంబరు చూపించండి.

తప్పు సరుకు వస్తే గడువు దాటకముందే ఫిర్యాదు పెట్టాలి, డబ్బా విప్పుతున్నప్పటి వీడియో, స్కేలు పక్కన పెట్టిన ఫోటో ఉంటే మాట నిలబడుతుంది. తిరిగి పంపాలంటే చాలాసార్లు ఆ ఖర్చే వస్తువు ధర దాటిపోతుంది, అందుకని కొంత డబ్బు వెనక్కిమ్మని అడగడం నయం. మా పిన్ని కొడుక్కి అదీ రాలేదు, లిస్టింగు కింద చిన్న అక్షరాల్లో 622 అని ఉందట, వాడు చూడలేదు. ఆ టైర్లు నెల రోజులు మా వసారాలో వేలాడాయి, ఆఖరికి కాలేజీలో చదివే ఒక కుర్రాడి 700సీ సైకిల్‌కి సరిగ్గా సరిపోయి సగం ధరకి వెళ్లిపోయాయి, చిన్నాన్న సైకిల్‌కి సందు చివర షాపులోనే 635 కొన్నాం.