పాత మస్టాంగ్‌ను ఇంటి గరాజ్‌లో బాగుచేయడం ఎలా? ముందు కార్పెట్ ఎత్తండి

పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నానని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు ఇంజన్ గురించి చెబుతారు, తర్వాత ఏ రంగు వేయించాలో చెబుతారు. "కార్పెట్ ఎత్తి చూశావా?" అని నేనడిగితే మాత్రం చాలామంది చూసి ఉండరు. మిషిగన్‌లో మా ఇంటి గరాజ్‌లో నేను మూడు కార్లు బాగుచేశాను, స్నేహితుల కార్లు నాలుగైదింటికి వారాంతాల్లో చెయ్యి వేశాను. పని చెడినప్పుడల్లా ఒకే చోట చెడింది, నేల రేకు దగ్గర. అందుకే ఇక్కడ మిగతా పనులన్నీ గబగబా చెప్పేసి, నేల గురించి మాత్రం తీరిగ్గా చెబుతాను.

నేను చెప్పేది 1967 మస్టాంగ్ కూపే గురించి, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే రెండు తలుపుల కారు. లెక్క ప్రకారం మజిల్ కారంటే 1964 పాంటియాక్ జీటీఓ లాంటిది, మధ్య సైజు బండిలో పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. అదే ఏడాది ఏప్రిల్ 17న జనం ముందుకొచ్చిన మస్టాంగ్‌ను పోనీ కారు, అంటే చిన్న సైజు స్పోర్టీ కారు, అన్నారు. 1967లో ఫోర్డ్ ఇంజన్ గది వెడల్పు చేసి 390 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్ కూడా పెట్టేసరికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. మొదటిసారి చేసేవాళ్లు మస్టాంగే తీసుకోవాలి. దీనికి దొరికినన్ని కొత్త రేకులు, రబ్బర్లు, చిన్నాచితకా సామాన్లు ఆ కాలపు చాలా కార్లకు దొరకవు.

కొనేటప్పుడు

బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద కొట్టిన నంబరు చదవండి. మొదటి అంకె 7 అయితే 1967. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీది: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టీ అంటే మెటచెన్. ఆ తర్వాత 01 ఉంటే కూపే, 02 ఫాస్ట్‌బ్యాక్ (కప్పు వెనక్కి వాలుగా దిగేది), 03 కన్వర్టిబుల్. ఆ వెనక ఉన్న అక్షరం ఇంజన్‌ది. సీ అంటే రెండు బ్యారెళ్ల కార్బొరేటర్‌తో 289, ఏ అంటే నాలుగు బ్యారెళ్లది, ఎస్ అంటే 390. తలుపు మీది ప్లేటును నమ్మకండి. తలుపులు మారతాయి, ప్లేట్లు కొత్తవి చేయిస్తారు.

ఇక కారు చుట్టూ తిరిగి మురిసిపోవడం ఆపి, టార్చిలైటు పట్టుకుని కిందికి దూరండి. నా రెండో కారు పైకి నిగనిగలాడుతూ ఉండేది. అమ్మినాయన కార్పెట్ కూడా కొత్తది వేశాడు. ఇంటికి తెచ్చాక ఆ కార్పెట్ ఎత్తితే కింద నల్లటి తారు పూత, తారు గీకితే రివెట్లు కొట్టిన జింకు రేకు కనిపించాయి. రివెట్లు తీసి ఆ రేకు లేపాను. కింద అసలు నేల కాల్చిన అప్పడంలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు పొరలుగా రాలి, దాని గుండా గరాజ్ గచ్చు కనపడింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఆ నేల మీదే సీటు బోల్టులుంటాయి, సీటు బెల్టు బోల్టులూ ఉంటాయి. పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ కారు తోలేవాడు ఏమైపోవాలి?

విప్పడం

దీనికి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రతి భాగం విప్పే ముందు ఫోటో, విప్పాక మరో ఫోటో. బోల్టులు జిప్‌లాక్ కవర్లో వేసి, ఏ భాగానివో మార్కర్‌తో రాయండి. సీట్లు, కార్పెట్, బ్యాటరీ బయటికి. పెట్రోల్ ట్యాంకు తప్పకుండా బయటికి. ఈ కారులో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, దాన్ని అలాగే ఉంచి వెల్డింగ్ చేస్తే కొంప అంటుకుంటుంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది, బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. గీకేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోండి, బ్రేకు డ్రమ్ములను గాలితో ఊదకండి.

తలుపులు మాత్రం విప్పకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నీళ్ల పరీక్ష

అద్దం కింద, బానెట్ వెనక, గాలి లోపలికి పోయే సన్నటి గాట్లున్న భాగాన్ని కౌల్ అంటారు. దాని లోపల గాలి గొట్టాల చుట్టూ టోపీ ఆకారంలో రెండు రేకులు పైకి లేచి ఉంటాయి. పడిన వాన నీళ్లు ఆ టోపీల చుట్టూ తిరిగి పక్కనుంచి బయటికి పోవాలి. ఏళ్ల తరబడి ఆకులు చేరి, తడి నిలిచి, ఆ టోపీల అడుగును తుప్పు తినేస్తుంది. ఇక వాన పడితే నీళ్లు నేరుగా నేల మీదికే. మస్టాంగ్ నేల పాడవడానికి మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

కాబట్టి నేల కోసే ముందు చెంబుతో కౌల్ మీద నెమ్మదిగా నీళ్లు పోయండి, ఒకరు డ్యాష్‌బోర్డు కింద లైటు పట్టుకుని చూడాలి. చుక్క పడిందంటే ముందు కౌల్ పని పట్టాలి. పై రేకు స్పాట్ వెల్డులన్నీ (రేకులు చుక్కల్లా అతికిన చోట్లు) డ్రిల్ చేసి లేపి, కొత్త టోపీలు వెల్డ్ చేయడం ఒక్కటే సరైన పద్ధతి. సిలికాన్ పూయడం, ప్లాస్టిక్ గిన్నె అతికించడం నేను ఒప్పుకోను. అది రెండు వానాకాలాల మందు. దాన్ని నమ్మి కొత్త నేల వేసినవాళ్లు మళ్లీ అదే నేల కోయడం నేను చూశాను.

నేల మార్చడం

షెవర్లే చెవెల్ లాంటి కార్లకు కింద విడిగా ఫ్రేమ్ ఉంటుంది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. మస్టాంగ్‌కు అలాంటి ఫ్రేమ్ లేదు. నేల, మధ్యలో ఎత్తుగా ఉండే టన్నెల్, తలుపుల కింది రాకర్లు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కారును నిలబెడతాయి. నేల కోశారంటే కారు నడుము కోసినట్టే. కాస్త వంగిందా, వంగిన చోటే మీరు కొత్త రేకు వెల్డ్ చేస్తారు. ఆ వంపు ఇక జన్మలో పోదు.

రెండేళ్ల కిందట ఒక కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, డోర్ పడట్లేదు. పైన తగులుతోంది."

"నేల కోసేటప్పుడు తలుపులు ఉన్నాయా?"

"లేవన్నా, అడ్డమొస్తున్నాయని తీసేశా."

"రెండు పక్కలా ఒకేసారి కోశావా?"

కాసేపు ఆగి, అవునన్నాడు. వెళ్లి చూస్తే తలుపు వెనక అంచు దాదాపు 6 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. అంత శ్రద్ధగా చేసిన వెల్డింగంతా మళ్లీ కోయాల్సి వచ్చింది. అతని చేతిలో పనితనానికి లోటు లేదు. ముందు చేయాల్సింది ఎవరూ చెప్పలేదంతే.

ముందుగా కారును నిలబెట్టాలి. ఇక్కడి గరాజ్ గచ్చు నీళ్లు బయటికి పోవడానికి తలుపు వైపు వాలుగా ఉంటుంది, దాన్ని నమ్మి జాక్ స్టాండ్లు పెడితే మొదటి తప్పు అక్కడే. ముందు స్టాండ్లు లోయర్ కంట్రోల్ ఆర్మ్‌ల (ముందు చక్రాలను పట్టుకునే కింది చేతులు) కింద, వెనకవి యాక్సిల్ గొట్టం కింద ఉంచండి, అప్పుడు బరువు టైర్ల మీద ఉన్నట్టే పడుతుంది. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి రెండు రాకర్ల మీద, టన్నెల్‌కు అడ్డంగా పెట్టి చూడండి. వాలు ఉన్న చోట స్టాండ్ కింద ప్లైవుడ్ ముక్క వేయండి. ఆ మర్నాడు మళ్లీ చూడండి. కారును ఇనుప చట్రానికి బిగించి గిరగిరా తిప్పుతూ చేసేవాళ్లున్నారు. నడుము బలంగా ఉన్న కారుకైతే సరే. తుప్పు తిన్న కారును రెండు చివరలా పట్టి గాల్లో వేలాడదీస్తే మధ్యలో ఏమవుతుందో ఆలోచించండి.

తర్వాత తలుపు సందులు కొలవండి. దీనికి నేను మూడు క్వార్టర్ (అమెరికా 25 సెంట్ల) నాణేలు టేపుతో అతికించి వాడతాను, ఐదు మిల్లీమీటర్ల చిల్లర మందం వస్తుంది. తలుపు చుట్టూ నాలుగు చోట్ల అది ఎలా దూరుతుందో, బిగుతుగానా వదులుగానా, ఆ పక్కనే మాస్కింగ్ టేపు మీద రాయండి. సందులు ముందే తేడాగా ఉంటే హింజ్ (తలుపు మడతబందు) పిన్నులు అరిగాయేమో చూసి, అది సరిచేశాకే ముందుకెళ్లండి. ఇప్పుడు అర్థమైంది కదా తలుపులు ఎందుకు విప్పొద్దన్నానో! కారు వంగిందని మొదట చెప్పేది తలుపే.

ఆపైన ఐమూలగా కొలతలు: ఎడమ పై హింజ్ నుంచి కుడి వైపు లాచ్ (తలుపు గడియ) స్తంభానికి, కుడి హింజ్ నుంచి ఎడమ లాచ్ స్తంభానికి. రెండింటికీ తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఆగిపోండి.

కొలతలు కుదిరాక అంగుళం స్క్వేర్ పైపుతో ప్రతి తలుపు ఖాళీకీ ఒక ఆధారం వెల్డ్ చేయాలి. తలుపు మూసుకునేంత లోపలికి ఉండాలి. పైపులు వేశాక తలుపు మూయలేకపోతే కొలిచే సాధనం పోయినట్టే. ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఇంకొకటి. కన్వర్టిబుల్ అయితే పైన కప్పు లేదు కాబట్టి రెండింతలు పెట్టండి.

అప్పుడు కోయండి, అదీ ఒక్క పక్కే. డ్రైవర్ వైపు పూర్తిగా అతికి, చల్లారి, కొలతలు సరిచూసుకున్నాకే రెండో వైపు ముట్టుకోవాలి. సీటు పీఠం ఎక్కడుందో రాకర్ నుంచి, టన్నెల్ నుంచి కొలిచి రాసి పెట్టుకోండి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులను 8 మిల్లీమీటర్ల స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు మేరకే డ్రిల్ చేయండి. కింది రేకు కూడా తూట్లు పడితే ఆ తూట్లన్నీ మీరే పూడ్చాలి. గ్రైండర్‌తో బరబరా కోసేవాళ్లు ఇక్కడే టన్నెల్‌ను, నేల కింది ఉక్కు దూలాన్ని గాయం చేస్తారు.

కొత్త రేకు ముందు కాళ్ల దగ్గర నుంచి వెనక సీటు దాకా ఒకే ముక్క తీసుకోండి. పాడైన మేరకు చిన్న ముక్క చాలని అంగట్లో చెబుతారు. తుప్పు మీ కంటికి కనిపించిన దాని కన్నా ఎప్పుడూ ఒక జానెడు ముందే ఉంటుంది. ముక్క వేసిన నేలకు అతుకు మధ్యలో వస్తుంది, కాళ్ల కిందే. పూర్తి రేకుకు అతుకులన్నీ అంచులకు పోతాయి.

పెట్టి చూడండి, తీయండి, కాస్త కత్తిరించండి, మళ్లీ పెట్టండి. నాకు ఇది ఒక పూట పడుతుంది, మొదటిసారి మీకు రెండు రోజులు పట్టినా కంగారు పడకండి. అంచులో అర అంగుళం ఒకదాని మీదొకటి ఎక్కేలా కుదిరాక రేకు స్క్రూలతో బిగించి, తలుపు మూసి నాణేలు తిప్పండి. కోయక ముందు రాసినట్టే రావాలి.

వెల్డింగ్‌కు గ్యాసు వాడే మిగ్ యంత్రం, 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. గ్యాసు లేని ఫ్లక్స్ తీగ ఈ పలుచటి రేకుకు వద్దు, వేడి ఎక్కువై తూట్లు పడతాయి. కొత్త రేకుకు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి వాటిలో వెల్డ్ నింపండి. ఫ్యాక్టరీ వెల్డులు ఎన్ని తీశారో అన్నిటికి తగ్గకూడదు. ఒకటి వేశాక పక్కనే రెండోది వేయొద్దు. ముందు మూల ఒకటి, వెనక మూల ఒకటి, టన్నెల్ వైపు ఒకటి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక మళ్లీ. తడిగుడ్డతో చల్లార్చకండి, రేకు ముడుచుకుపోతుంది. పది పన్నెండు వెల్డులకోసారి తలుపు మూసి చూడండి. సీటు బెల్టు బోల్టు పడే చోట కింద గట్టి ప్లేటు పూర్తిగా వెల్డ్ చేయాలి, అది నేను ఒకటికి రెండుసార్లు సుత్తితో కొట్టి చూస్తాను.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. తుడవడానికి అసిటోన్ చాలు, అది పూర్తిగా ఆరి, డబ్బా దూరంగా పెట్టాకే వెల్డింగ్. కింద పాత తారు పూత కొన్నిసార్లు పొగ కూడా రాకుండా లోలోపలే రాజుకుంటుంది. మంటలార్పే సిలిండర్, ఒక బకెట్ నీళ్లు పక్కనే ఉంచుకోండి. పని ఆపాక అరగంట గరాజ్ వదిలి వెళ్లకండి.

రెండు వైపులా అయ్యాక ఆధారాలు కోసేసి, అతుకుల మీద ప్రైమర్, దాని మీద సీమ్ సీలర్ (అతుకులు పూడ్చే ముద్ద), కిందా పైనా రంగు.

మిగతావి

ఇంజన్ మంచి షాపుకు ఇచ్చి బోరింగ్ చేయించండి. కొత్త క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) పాత పద్ధతి ఫ్లాట్ టాపెట్‌ది అయితే జింకు ఎక్కువున్న ఆయిల్ పోసి, మొదటిసారి స్టార్టయిన వెంటనే 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైనే నడపండి, ఐడిల్‌లో వదలకండి. 289, 390 వీ8లకు ఫైరింగ్ వరుస (సిలిండర్లు పేలే వరుస) 1-5-4-2-6-3-7-8. బ్రేకు గొట్టాలు, పెట్రోల్ రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి. పెద్ద రేకులకు శాండ్ బ్లాస్టింగ్ చేయించకండి, వంకర్లు పోతాయి. లప్పం పలుచగా. రంగు బయట బూత్‌లో వేయించండి, ఇంటి గరాజ్‌లో దుమ్ముతో పోరాడలేరు.

కార్పెట్ మాత్రం అన్నిటికన్నా చివర. దానికి ముందు కొత్త నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, కౌల్ మీద రెండు బకెట్లు పోసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే కాగితాలు చేత్తో తడిమి చూడండి, కంటితో చూస్తే చాలదు. ఒక మంచి వానలో తోలుకొచ్చాక ఇంకోసారి తడిమి చూసి, రెండుసార్లూ పొడిగా ఉంటేనే కార్పెట్ వేయండి.