మొబైల్ డేటాపై వీపీఎన్ చిక్కులు – మూడో పాఠం: టన్నెల్ నిలిచినా పేజీ తెరుచుకోకపోతే

గత పాఠంలో వైర్‌గార్డ్ వీపీఎన్‌లో హ్యాండ్‌షేక్ (రెండు వైపులా కీలతో ఒకరినొకరు గుర్తించుకునే తొలి పలకరింపు) అసలు కుదరని పరిస్థితిని చూశాం. ఈ పాఠంలో, మొబైల్ డేటాపై నడిచే లినక్స్ ల్యాప్‌టాప్‌లో అది కుదిరాక ఎదురయ్యే చిక్కును పరిశీలిద్దాం. హ్యాండ్‌షేక్ కొన్ని సెకన్ల క్రితమే జరిగిందని ‘డబ్ల్యూజీ షో’ కమాండ్ చూపిస్తుంది, టన్నెల్ (ల్యాప్‌టాప్‌కూ వీపీఎన్ సర్వర్‌కూ మధ్య గుప్తంగా సాగే దారి) అవతలి చిరునామా పింగ్‌కు, అంటే అవతలి యంత్రం పలుకుతోందో చూసే చిన్న సందేశానికి, జవాబిస్తుంది, అయినా బ్రౌజర్‌లో పేజీ ఎంతసేపటికీ తెరుచుకోదు. దూరంలోని యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ అయినట్టే అయి కీ ఎక్స్ఛేంజ్ దగ్గర ఆగిపోతుంది. అదే ల్యాప్‌టాప్‌ను బ్రాడ్‌బ్యాండ్‌కు మారిస్తే అన్నీ సవ్యంగా నడుస్తాయి.

ఈ దశలో కీలను మళ్లీ తయారు చేయడం వృథా శ్రమ, ఎందుకంటే కీలు సరిపోలకపోతే హ్యాండ్‌షేకే జరగదు. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో మొదటి సందేశం 148 బైట్లు, దానికి జవాబు 92 బైట్లు మాత్రమే. మామూలు పింగ్ కూడా అంతే చిన్నది. చిన్న ప్యాకెట్లు దాటిపోయి పెద్దవి మాత్రమే చిక్కుకుంటున్నాయంటే మొదట అనుమానించవలసింది ఎంటీయూనే, అంటే ఒక దారిలో ముక్కలు కాకుండా వెళ్లగల అతిపెద్ద ప్యాకెట్ పరిమాణాన్నే.

టన్నెల్‌లో వెళ్లే ప్రతి ప్యాకెట్‌పైనా అదనపు పొర చేరుతుంది. సర్వర్‌ను ఐపీవీ4 ద్వారా చేరితే ఆ పొర 60 బైట్లు, ఐపీవీ6 ద్వారా చేరితే 80. టన్నెల్‌ను లేపే ‘డబ్ల్యూజీ-క్విక్’ కమాండ్, సర్వర్ వైపు వెళ్లే ఇంటర్‌ఫేస్ (యంత్రం నెట్‌వర్క్‌కు కలిసే ద్వారం) ఎంటీయూను చూసి, అందులోంచి 80 తీసివేస్తుంది. 1500 కనిపిస్తే 1420 పెడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ ద్వారా కలిసినప్పుడు ల్యాప్‌టాప్‌కు కనిపించే 1500 ఫోన్ వరకే నిజం. ఫోన్ నుంచి ఆపరేటర్ నెట్‌వర్క్ గుండా సాగే దారి అంతకంటే ఇరుకుగా ఉండవచ్చు, ఆ సంగతి ల్యాప్‌టాప్‌కు తెలియదు. అక్కడ పెద్ద ప్యాకెట్ ముక్కలవుతుంది లేదా పడిపోతుంది. ముక్కలను పారవేసే ఫైర్‌వాల్‌లూ ఉన్నాయి.

కాబట్టి దారి అసలు వెడల్పును మనమే కొలవాలి. ముందుగా టన్నెల్‌ను దించండి; లేకపోతే సర్వర్‌కు పంపిన పింగ్ కూడా టన్నెల్‌లోంచే వెళ్లి కొలత తప్పుతుంది. తరువాత ‘పింగ్ -4 -ఎం డూ -ఎస్ 1472’ అని, చివర సర్వర్ చిరునామాతో ఇవ్వండి (ఇంగ్లిష్‌లో ‘ఎం’ పెద్ద అక్షరం, ‘ఎస్’ చిన్న అక్షరం). ‘-ఎం డూ’ అంటే దారిలో ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దని. 1472కు హెడర్ల 28 బైట్లు కలిస్తే 1500 అవుతుంది. ‘మెసేజ్ టూ లాంగ్’ అని వెంటనే వస్తే ఇబ్బంది మీ యంత్రంలోని ఇంటర్‌ఫేస్‌లోనే ఉంది. ఏ జవాబూ రాకపోతే, చిన్న పింగ్‌కు మాత్రం జవాబు వస్తుంటే, ప్యాకెట్ దారిలో ఎక్కడో మాయమవుతోందన్నమాట. అంకెను తగ్గిస్తూ, పెంచుతూ హద్దును పట్టుకోండి. ఉదాహరణకు 1392 దాటి 1393 దాటలేదనుకుందాం: 1392కు 28 కలిపితే దారి ఎంటీయూ 1420, అందులోంచి 60 తీసివేస్తే టన్నెల్‌కు 1360. సర్వర్‌ను ఐపీవీ6 ద్వారా చేరేవారు ‘-6’తో కొలిచి, 28కి బదులు 48 కలిపి, 80 తీసివేయాలి.

టన్నెల్‌ను మళ్లీ లేపి ‘ఐపీ లింక్ సెట్ డెవ్ డబ్ల్యూజీ0 ఎంటీయూ 1360’ అని ఇచ్చి (‘డబ్ల్యూజీ0’ టన్నెల్ ఇంటర్‌ఫేస్ పేరు), ఇందాక ఆగిన పేజీని తెరవండి. తెరుచుకుంటే అదే విలువను కాన్ఫిగరేషన్ ఫైల్‌లోని ఇంటర్‌ఫేస్ విభాగంలో రాసి ఉంచండి, లేకపోతే టన్నెల్‌ను మళ్లీ లేపినప్పుడు పాత విలువే వస్తుంది. 1280 కంటే కిందికి మాత్రం దిగకండి. అంతకు తగ్గిన ఇంటర్‌ఫేస్‌పై లినక్స్ ఐపీవీ6ను నడపదు. కొలత సరిగా తీసినా మార్పు కనిపించకపోతే ఎంటీయూను ఇంకా తగ్గిస్తూ పోవడం వల్ల లాభం లేదు, కారణం వేరే చోట ఉంది.

మన వైపు మాత్రమే తగ్గిస్తే అటునుంచి వచ్చే పెద్ద ప్యాకెట్ల మాటేమిటని సందేహం రావచ్చు. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడే, ఎంత పెద్ద ముక్కను తీసుకోగలమో మన యంత్రం అవతలివారికి చెబుతుంది; ఎంటీయూ 1360 అయితే ఐపీవీ4లో ఆ అంకె 1320. యూడీపీకి ఇలాంటి ఒప్పందం లేదు గనుక సర్వర్ వైపు కూడా అదే విలువ పెట్టడం మంచిది. మీ లినక్స్ యంత్రమే ఇతర పరికరాలకు రూటర్‌గా ఉంటే, ఆ పరికరాలకు మన ఎంటీయూ తెలియదు. అప్పుడు లినక్స్ ఫైర్‌వాల్ ‘ఐపీటేబుల్స్’లో ఫార్వర్డ్ చెయిన్‌కు, టీసీపీ ముక్క పరిమాణాన్ని దారికి తగ్గట్టు కుదించే ‘క్లాంప్-ఎంఎస్ఎస్-టు-పీఎంటీయూ’ నియమాన్ని చేర్చాలి.

ఈ కొలతను ఫోన్ హాట్‌స్పాట్‌పై ఒకసారి, యూఎస్‌బీ మోడెమ్ ఉంటే దానిపై మరోసారి తీసి, రెండు అంకెలనూ రాసి ఉంచండి. కాసేపు ఖాళీగా ఉంటే అటునుంచి వచ్చేవి ఆగిపోయే టన్నెల్‌ను వచ్చే పాఠంలో చూద్దాం.