బయాస్ మార్చే ముందు ఇవి చూసుకోండి

• పాత బయాస్‌ను, అంటే మదర్‌బోర్డు చిప్‌లో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌ను, ముందు ఫైల్‌గా తీసి పెట్టుకోండి. ఫ్లాష్‌రోమ్ అనే ఉచిత టూల్‌తో చిప్‌ను రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్యలు) పోల్చండి. తేడా వచ్చిందంటే చాలావరకు చిప్ కాళ్లకు తగిలించే క్లిప్ సరిగా పట్టలేదన్నమాట. అది సరిచేసేదాకా చిప్‌పై ఏమీ రాయొద్దు. బోర్డు సీరియల్ నంబరు లాంటివి అందులోనే ఉండొచ్చు, కాబట్టి కాపీని వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి.

• సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌ను చదివి, రాసే యూఎస్‌బీ పరికరం) వాడుతుంటే చిప్ వోల్టేజీ చూడండి. 1.8 వోల్టుల చిప్‌కు 3.3 ఇస్తే కాలిపోవచ్చు. ఛార్జర్, బ్యాటరీ తీశాకే క్లిప్ పెట్టండి.

• బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌ను లాక్ చేసే ఎన్‌క్రిప్షన్) ఉందా? బయాస్ మార్చాక రికవరీ కీ అడగొచ్చు, ముందే రాసుకోండి.

• ఆన్ అయ్యేటప్పుడు బయాస్ అసలైనదేనా అని చూసే ఇంటెల్ బూట్ గార్డ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో, యూఈఎఫ్ఐటూల్‌తో (బయాస్ ఫైళ్లను ఎడిట్ చేసే టూల్) మార్చిన ఫైల్ వేస్తే డిజిటల్ సంతకం సరిపోక మెషీన్ ఆన్ కాకపోవచ్చు. అలాంటి ల్యాప్‌టాప్‌ల జోలికి వెళ్లొద్దనే నా సలహా.