రికార్డు తిరిగేటప్పుడు ఒకసారి వూఫర్ వైపు చూడండి

గంగమ్మ జాతరలో వారమంతా మోగిన మైక్‌సెట్ స్పీకర్లు కాలిపోయి వచ్చాయంటే అందులో వింతేమీ లేదు. తిరుపతిలో యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే నాకు వింతగా తోచేది ఇంకోటి. ఇంట్లో సన్నగా పాటలు పెట్టుకుని వినేవాళ్ల వూఫర్లు, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లు, కూడా ఈమధ్య నా బల్ల మీదికి వస్తున్నాయి. తాతగారి ఎల్పీ రికార్డులు అటక మీంచి దించి, కొత్త టర్న్‌టేబుల్ తెప్పించుకున్నవాళ్లవే ఎక్కువ. "సౌండు పెద్దగా పెట్టిందే లేదన్నా, ఎట్ల పోయింది?" అంటారు.

వాళ్ల మాట అబద్ధమేం కాదు. రికార్డు వేసినప్పుడు స్పీకర్‌ను సతాయించేది చాలాసార్లు చెవికి వినపడదు, కంటికి కనపడుతుంది. స్పీకర్ ముందున్న గుడ్డ తీసేసి, పాట ఇంకా మొదలుకాక ముల్లు ఖాళీ గాడిలో తిరిగేటప్పుడు టార్చి వేసి వూఫర్‌ను చూడండి. పాటే లేనప్పుడు కోన్, అంటే వూఫర్‌లోని గరాటులాంటి పొర, దాదాపు కదలకుండా ఉండాలి. అలా కాకుండా పరిగెత్తుకొచ్చినవాడి రొమ్ములా ముందుకీ వెనక్కీ ఎగిరి పడుతోందంటే వెంటనే వాల్యూమ్ తగ్గించండి.

ఎందుకలా ఆడుతుందంటే, ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. రికార్డు కొంచెం వంగి ఉంటే ముల్లు ప్రతి చుట్టులోనూ ఒక మెట్ట ఎక్కి దిగుతుంది. ఆ ఎక్కడం దిగడం కూడా కార్ట్రిడ్జికి, అంటే ముల్లు కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కకు, సిగ్నలే. 20 హెర్ట్జ్ (సెకనుకు 20 ఊపులు) కిందది మన చెవికి అందదు గానీ యాంప్లిఫయర్‌కు అందుతుంది. పైగా రికార్డు మీద బేస్‌ను తగ్గించి చెక్కుతారు, యాంప్లిఫయర్‌లో రికార్డుల కోసమే ఉండే ఫోనో స్టేజీ దాన్ని మళ్లీ పెంచుతుంది. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ పెట్టిన లెక్క ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు సుమారు 19 డెసిబెల్స్, అంటే తొమ్మిదింతల చిల్లర. పాటలోని బేస్‌తో పాటు రికార్డు వంపూ, మోటారు గరగరా కూడా పెరిగిపోతాయన్నమాట.

బాక్సుకు గుండ్రటి రంధ్రం, అదే పోర్టు, ఉంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ. పోర్టును ఏ ఫ్రీక్వెన్సీకి కట్టారో దానికి కింద కోన్‌ను పట్టి ఉంచే గాలి బాక్సులో ఉండదు. కోన్ ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. అంతా మూసి ఉన్న పాత బాక్సులు ఈ విషయంలో నయం.

మందు చాలామంది ఇంట్లోనే ఉంది. డెబ్బైలు, ఎనభైల నాటి యాంప్లిఫయర్ల ముందు భాగంలో చాలావాటికి 'సబ్‌సోనిక్' అనో 'లో ఫిల్టర్' అనో ఒక బటన్ ఉంటుంది. నొక్కి పెట్టి, మళ్లీ టార్చి వేసి చూడండి, తేడా కళ్లముందే తెలుస్తుంది. 'లౌడ్‌నెస్' బటన్ మాత్రం రికార్డు వేసినప్పుడు ఆపేయండి, అది బేస్‌ను ఇంకా ఎగదోస్తుంది. ఫిల్టర్ లేని యాంప్లిఫయర్ అయితే ఆ సౌకర్యం ఉన్న విడి ఫోనో ప్రీయాంప్ (ఫోనో స్టేజీనే విడి డబ్బాగా వచ్చేది) కొనుక్కోవచ్చు. అంతవరకు పోర్టులో మెత్తటి స్పాంజి ముక్క దూర్చండి. బేస్ కొద్దిగా తగ్గుతుంది, నాకైతే ఆ తగ్గడమే బాగుంటుంది. కార్ట్రిడ్జి మార్చేవాళ్లు కూడా చూసుకోవాలి. కార్ట్రిడ్జిని మోసే ఆర్మ్ బరువూ, కార్ట్రిడ్జి మెత్తదనమూ కలిసి ఊగే ఫ్రీక్వెన్సీ 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. బరువైన ఆర్మ్‌కు మరీ మెత్తటి కార్ట్రిడ్జి తగిలిస్తే అది ఇంకా కిందికి, సరిగ్గా వంపులు ఉండేచోటికి జారుతుంది.

రికార్డులు వంగకుండా చూసుకోవడం మన ఊళ్లో మే నెల పని. మిద్దె కింద గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండలో పెట్టిన కారులో వదిలితే ఇక చెప్పక్కర్లేదు.

తర్వాతది టర్న్‌టేబుల్ ఎక్కడ పెట్టారన్నది. స్పీకర్లున్న బల్ల మీదే టర్న్‌టేబుల్ కూడా పెడతారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ స్పీకర్ అదురు బల్లలోంచి ముల్లుకు, ముల్లులోంచి మళ్లీ స్పీకర్‌కు చుట్టు తిరుగుతూ పెరుగుతుంది. మన వైపు పాత ఇళ్లలో గోడలోకి దిగేసిన కడప బండ అరలుంటాయి చూడండి, టర్న్‌టేబుల్‌కు అంతకంటే మంచి చోటు నాకు తెలీదు. పిల్లలు గదిలో గంతులేసినా ముల్లు ఎగరదు. బండ మీద ఒక మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, స్పీకర్లను మాత్రం దూరంగా కింద పెట్టండి. చోటు సరైందో కాదో తెలుసుకోవాలంటే, మోటారు ఆపి, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్‌ను నిదానంగా మీరు మామూలుగా వినే చోటుదాకా పెంచండి. గుంయ్‌మని మొదలైతే అక్కడే తగ్గించేసి చోటు మార్చండి.

వైర్ల దగ్గర ఎక్కువగా చూసే తప్పు ఒకటుంది. కొత్త టర్న్‌టేబుళ్లలో చాలావాటికి ప్రీయాంప్ లోపలే ఉంటుంది, వెనక 'ఫోనో / లైన్' అని చిన్న స్విచ్. దాన్ని లైన్‌లో ఉంచి తీగలు తీసుకెళ్లి యాంప్లిఫయర్ వెనకున్న 'ఫోనో' సాకెట్లో గుచ్చితే, కొద్ది మిల్లీవోల్టులు రావాల్సినచోట వందల మిల్లీవోల్టులు వస్తాయి. పాట చీరుకుపోయినట్టు వస్తుంది, అలాగే వింటూ కూర్చుంటే ముందు ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కాయిల్, అంటే దాన్ని కదిపే తీగచుట్ట, పోతుంది. లైన్‌లో ఉంటే 'ఆక్స్' సాకెట్లో గుచ్చాలి, ఫోనోలో ఉంటే ఫోనోలో, అంతే. పాత సూట్‌కేసు ప్లేయర్లలోని సిరామిక్ కార్ట్రిడ్జి కూడా ఎక్కువ వోల్టేజీ ఇచ్చేదే, దాన్నీ ఫోనోలో పెట్టకూడదు. టర్న్‌టేబుల్‌తో వచ్చే సన్నటి ఎర్త్ తీగను యాంప్లిఫయర్ వెనక మరకు బిగించండి. ఏ తీగ పీకాలన్నా యాంప్లిఫయర్ ఆపాకే పీకండి. ఆన్‌లో ఉండగా పీకితే ఒక్కసారిగా వచ్చే బుర్రుమనే మోత వూఫర్‌కు దెబ్బే.

ముల్లు దించేటప్పుడూ లేపేటప్పుడూ వాల్యూమ్ సున్నాకు తేవడం అలవాటు చేసుకోండి, చేత్తో కాకుండా లివర్‌తో దించండి. ముల్లును బ్రష్‌తో తుడిచేటప్పుడూ అంతే. తుడవడం వెనకనుంచి ముందుకే, ఎదురు తుడిస్తే ముల్లు విరుగుతుంది. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్ ఆఖరున, ఆపేటప్పుడు మొదట. పాట మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందిలే అని కూర్చోకండి. లేచి వాల్యూమ్ తగ్గించి, యాంప్లిఫయర్ స్విచ్ ఆపి, ముల్లు పైకి లేపండి. కరెంటు వచ్చీపోయీ ఆడుతున్న రోజుల్లో ఆ టప్‌టప్ దెబ్బలన్నీ కోన్ మీదే పడతాయి.

వూఫర్ ఇప్పటికే దెబ్బతిందేమో అని అనుమానముంటే, యాంప్లిఫయర్ ఆపి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను అన్ని వైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడండి. చప్పుడు లేకుండా పోయి రావాలి. గరుగ్గా రాసుకుంటోందంటే కాయిల్ పక్కకు జరిగింది. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల స్పీకర్ సుమారు 6 చూపిస్తుంది, అది లోపం కాదు. అసలేమీ చూపించకపోతేనే కాయిల్ తెగినట్టు. కోన్ చుట్టూ ఉన్న స్పాంజి అంచు వేలు తగిలితే పొడిగా రాలుతోందా, అది వయసు. అంచు మాత్రమే మార్పించండి. మొత్తం రీకోన్ చేస్తానని, అంటే కోన్, కాయిల్ అన్నీ మారుస్తానని, ఎవరైనా అంటే, కాయిల్ రాసుకుంటోందో లేదో మీ ముందే నొక్కి చూపించమని అడగండి.