మగాళ్ళ ఫేస్‌వాష్, ఆడాళ్ళ ఫేస్‌వాష్ వేరా? కొనేముందు ట్యూబు వెనక్కి తిప్పి ఎలా చూసుకోవాలి

పోయిన ఎండాకాలం మా వాడు (ఇంటర్ చదువుతున్నాడు) బాత్రూములోంచి కేకేశాడు, అమ్మా నా ఫేస్‌వాష్ అయిపోయింది అని. అక్కడే నాది సగం ట్యూబు ఉంది కదరా వాడుకో అంటే "అది ఆడాళ్ళది, నాకొద్దు" అన్నాడు. సాయంత్రం మా గుంటూరు బ్రాడీపేటలో ఏదో షాపుకెళ్ళి అదే కంపెనీది, మగాళ్ళకని రాసున్న నల్ల ట్యూబు తెచ్చుకున్నాడు, నా దానికంటే రేటు ఎక్కువ, సరుకు తక్కువ. ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రెండు ట్యూబులూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని వెనకాల సన్నక్షరాలు చదివా. నీళ్ళ దగ్గర్నుంచి మొదటి ఆరు పదార్థాలు ఒకటే, వరస కూడా ఒకటే. వాడి దాంట్లో మెంథాల్, బొగ్గు పొడి, నల్ల రంగు. నా దాంట్లో వేరే సెంటు, గులాబీ రంగు. అంతే తేడా. అప్పట్నుంచి ఏది కొన్నా వెనక్కి తిప్పి చూడటం అలవాటైంది, మా లైన్లో వాళ్ళు కూడా అప్పుడప్పుడు ట్యూబులు పట్టుకొచ్చి చూడమంటున్నారు కాబట్టి నేను చూసే పద్ధతంతా ఒకచోట రాసి పెడదామనిపించింది.

ముందు పదార్థాల లిస్టు ఎలా చదవాలో చెప్తా, ఇదొక్కటి వస్తే సగం పని అయిపోయినట్టే. కాస్మొటిక్స్ మీద పదార్థాలు ఎక్కువ ఉన్నదాన్నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలి, అది రూలు. 1 శాతం కంటే తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఏ వరసలో రాసినా పర్లేదు. అందుకే ముందువైపు పెద్దక్షరాల్లో కనపడే కలబంద, కుంకుమపువ్వు, బొగ్గు లాంటివి వెనక లిస్టులో ఎక్కడున్నాయో వెతకండి. దీనికో గుర్తు ఉంది. ఫినాక్సీఇథనాల్ అని పాడవకుండా కలిపే మందు ఒకటి చాలావాటిల్లో ఉంటది, అది 1 శాతం మించి కలపకూడదు, కాబట్టి లిస్టులో దాని తర్వాత వచ్చేవన్నీ 1 శాతం లోపువే అనుకోవచ్చు. అన్ని మందులూ ఎక్కువుంటేనే పనిచేస్తాయని కాదు, కొన్ని కొంచెమైనా చాలు, కానీ బొమ్మేసి అమ్మేది ఆ చివర్లో కూర్చుని ఉంటే దాని కోసం డబ్బులు ఎక్కువ పెట్టక్కర్లేదు. రెండు ట్యూబుల్లో మొదటి ఐదారూ ఒకటే అయితే ఆ రెండూ దాదాపు ఒకటే పని చేస్తాయి. వాటిల్లో సాలిసిలిక్ యాసిడ్, నియాసినమైడ్ లాంటి అసలు మందు శాతం రాసుంటే అది కూడా పోల్చుకోండి, అంకె ఒకటే అయితే పైన మగ బొమ్మున్నా ఆడ బొమ్మున్నా ఒకటే. మెంథాల్ సంగతి కూడా చెప్పాలి, మొహం చల్లబడ్డట్టు అనిపిస్తది గానీ నిజంగా చల్లబడదు, చలిని కనిపెట్టే నరాల్ని అది తట్టి లేపుద్ది అంతే. ఆ చురుకుని చూసి మా వాడు "అమ్మా ఇది స్ట్రాంగు" అనుకున్నాడు.

తర్వాత రేటు. ఎమ్మార్పీ చూడొద్దు, గ్రాముకెంతో చూడండి. ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకింత, మిల్లీలీటరుకింత అని చిన్నగా వేస్తున్నారు. లేకపోతే ఫోన్లో భాగించుకోండి. ఉదాహరణకి 100 ఎమ్మెల్ 180 రూపాయలు అంటే ఎమ్మెల్‌కి 1.80, 75 ఎమ్మెల్ 165 అంటే 2.20, చూడటానికి రెండోదే చవకనిపిస్తది కదా. ట్యాక్సు వల్ల తేడా వచ్చిందేమో అనుకోకండి, షాంపూ, తలనూనె, ఒంటిసబ్బు, షేవింగ్ క్రీము అన్నీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం జీఎస్టీలోకి వచ్చాయి, అందులో ఆడా మగా లేదు.

ఈ గోల మన ఒక్క ఊళ్ళోదే కాదు. 2015లో న్యూయార్క్ నగరంలో వినియోగదారుల శాఖ వాళ్ళు దాదాపు 800 వస్తువులు పోల్చి చూస్తే, ఒంటికి వాడుకునే సామాన్లలో ఆడవాళ్ళవి సగటున 13 శాతం ఎక్కువ రేటు ఉన్నాయి, షాంపూ, కండిషనర్లయితే 48 శాతం. దాన్నే పింక్ ట్యాక్స్ అంటారు. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి, 2018లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ చూసినప్పుడు 10 రకాల్లో 5 రకాలు ఆడవాళ్ళవి ఎక్కువ రేటు ఉంటే 2 రకాలు మగవాళ్ళవే ఎక్కువ ఉన్నాయి. మా వాడి ట్యూబు ఆ రెండో జాతి. కాలిఫోర్నియాలో అయితే ఒకే రకం వస్తువుకి ఆడ మగ పేరుతో రేటు మార్చకూడదని చట్టమే తెచ్చారు, 2023 నుంచి అమల్లో ఉంది. మనం చేయగలిగింది భాగించుకుని కొనటం.

షాంపూ. ఇక్కడ నాకు చాలా చెప్పాలనుంది, ఎందుకంటే చిన్నప్పుడు ఆదివారం మా నాయనమ్మ కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో నానేసి ఒకే గిన్నెలో రసం తీసేది, అదే రసంతో మా నాన్నకీ, బాబాయిలకీ, మాకూ వరసపెట్టి తల రుద్దేది. కుంకుడులో నురగొచ్చే సపోనిన్‌కి ఎవరి తలో తెలీదు. ఇప్పటి షాంపూ కూడా అంతే, వెనక చూస్తే నీళ్ళు, సోడియం లారెత్ సల్ఫేట్, కోకమిడోప్రొపైల్ బీటైన్ (ఈ రెండూ నురగొచ్చి జిడ్డు వదిలించేవి), ఉప్పు, సెంటు, ఎక్కువవాటిల్లో వెన్నెముక ఇదే. జుట్టు మెత్తబడటానికి గ్వార్ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి పేరొకటి ఉంటది, ఆ గ్వార్ అంటే మనం కూర వండుకునే గోరుచిక్కుడే, దాని గింజల జిగురు నుంచి చేస్తారు. బయటికొచ్చిన వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీను, ప్రాణం లేనిది, మగాడిదైనా ఆడదానిదైనా. కాబట్టి తల జిడ్డా పొడా, చుండ్రు ఉందా, రంగేశారా, జుట్టు ఎంత పొడుగు, ఇవి చూసి కొనండి. పొడుగు ఎందుకంటే జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుద్ది, నడుం దాకా 60 సెంటీమీటర్ల జడ ఉంటే కొసలు ఐదేళ్ళ నాటివి, ఎండా దుమ్మూ తిని అరిగిపోయి ఉంటాయి, వాటికి కండిషనర్ కావాలి. జుట్టు పెంచిన కుర్రాడికైనా అంతే, క్రాపు కొట్టించుకున్న అమ్మాయికి అక్కర్లేదు. చుండ్రుకైతే సీసా మీద జింక్ పైరిథియోన్ అనో కీటోకోనజోల్ అనో ఉందా చూడండి. జుట్టు రంగు, మీసం రంగు, గడ్డం రంగు అని డబ్బాలు వేరువేరుగా ఉన్నా నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండేది పీపీడీ అనే రసాయనమే, అది పడనివాళ్ళకి మొహం వాచిపోద్ది, అందుకని ఏ డబ్బా అయినా చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూసుకున్నాకే వేసుకోండి.

ఒంటిసబ్బుకి ఆడా మగా పక్కనపెట్టి టీఎఫ్‌ఎమ్ అంకె (సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతం ఉందో చెప్పేది) చూడండి చాలు. 76 శాతం, ఆ పైన ఉంటే గ్రేడ్ 1, 70 అయితే గ్రేడ్ 2, 60 అయితే గ్రేడ్ 3. బేతింగ్ బార్ అని రాసుంటే ఇంకా తక్కువ ఉండొచ్చు.

రేజర్ దగ్గర నిజంగానే కొంచెం తేడా ఉంది, బ్లేడులో కాదు, తలకాయలో, పిడిలో. ఆడవాళ్ళవి తల గుండ్రంగా వెడల్పుగా ఉంటది, పిడి లావుగా ఉంటది, ఎందుకంటే స్నానం చేస్తూ తడి చేత్తో పట్టుకుని మోకాళ్ళ చుట్టూ, చంకల్లో కనపడని చోట తిప్పుకోవాలి. మగవాళ్ళవి ముక్కు కింద, దవడ అంచున పట్టేలా చిన్నగా ఉంటాయి. ఉక్కు బ్లేడు బ్లేడే. జిల్లెట్ కంపెనీ 1915లోనే ఆడవాళ్ళ కోసమని మిలేడీ డెకొలెటీ అనే పేరుతో రేజర్ అమ్మటం మొదలుపెట్టింది, అంటే ఈ వేరు చేసి అమ్మటం వందేళ్ళ పైబడ్డ పద్ధతి. నేను మాత్రం మామూలు సేఫ్టీ రేజరు, రెండంచుల బ్లేడే వాడతా, పట్నం బజార్ వైపు వెళ్ళినప్పుడు బ్లేడ్ల ప్యాకెట్లు ఒకేసారి తెచ్చి పెట్టుకుంటా, ఇంట్లో అందరికీ అవే, కానీ ఎవరి రేజరు వాళ్ళదే, ఒకరిది ఒకరు వాడకూడదు, ఒకరి రక్తం ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది. సబ్బు నురగ లేకుండా పొడిగా మాత్రం గీయొద్దు. గీస్తే వెంట్రుకలు లావుగా వస్తాయని మా అత్తయ్య భయపెట్టేది, అది నిజం కాదు, కొస మొద్దుగా తెగుద్ది కాబట్టి మొలిచేటప్పుడు గరుకు తగులుద్ది, లావు పెరగదు.

మన గుంటూరు ఎండలకి చెమట వాసన అందరి బాధే. డియోడరెంట్ కొనేటప్పుడు అల్యూమినియం అన్న మాట వెనకాల ఉందా చూడండి, ఉంటే అది చెమటనే తగ్గించే రకం, యాంటీపెర్స్పిరెంట్ అంటారు, రాత్రి పడుకునే ముందు పొడి చంకల్లో రాసుకుంటే ఇంకా బాగా పనిచేసిద్ది. లేకపోతే గ్యాసు, స్పిరిటు, సెంటు. మగవాళ్ళకి సగటున చెమట ఎక్కువే, అయినా ఆ అల్యూమినియం ఉప్పు అందరి మీదా ఒకేలా పనిచేసిద్ది. మిగతాదంతా వాసన. వాసనకి ఆడ మగ అనేది మనం అలవాటు పడ్డదే, మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర పన్నీరు చల్లేది అందరి మీదా కదండీ, గులాబీ వాసన అని మగవాళ్ళెవరూ పక్కకి తప్పుకోరు, గంధం కూడా అందరికీ రాస్తారు. నచ్చిన వాసన కొనుక్కోండి. ఒక్క జాగ్రత్త, లిస్టులో పర్ఫ్యూమ్ అన్న ఒక్క మాట కింద ఎన్నో రసాయనాలు ఉండొచ్చు, దురదలొచ్చే ఒళ్ళయితే సెంటు లేనిది వెతుక్కోండి, అది సాధారణంగా ఆడ మగ అని రాయని సాదా డబ్బాల్లోనే దొరుకుద్ది.

అలాగని అన్నీ ఒకటే అనుకుని కళ్ళు మూసుకోవద్దు, కొన్నిచోట్ల శరీరం నిజంగానే వేరు. మగవాళ్ళ చర్మం సగటున మందం, హార్మోన్ల వల్ల జిడ్డు ఎక్కువ ఊరుద్ది, ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక జిడ్డు తగ్గి చర్మం పొడిబారుద్ది. కానీ ఇది సగటు మాట, మా ఇంట్లోనే మా ఆయన చేతులు చలికాలం పగిలిపోతాయి, మా ఆడపడుచు మొహం ఏడాదంతా జిడ్డే. జుట్టు రాలడానికి వాడే మినాక్సిడిల్ మాత్రం చూసుకుని వాడాలి. మగవాళ్ళకి మామూలుగా 5 శాతం, ఆడవాళ్ళకి 2 శాతం ద్రావణం, లేదా 5 శాతం నురగ రోజుకొక్కసారే. ఆయన సీసా ఇంట్లో ఉంది కదా అని రెండుపూటలా రాసుకుంటే మొహం మీద వెంట్రుకలు రావచ్చు, కడుపుతో ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు. అలాగే మగవాళ్ళు జుట్టుకి మింగే ఫినాస్టరైడ్ బిళ్ళ విరిగినదాన్ని గర్భిణులు ముట్టుకోనే కూడదు, కడుపులో మగబిడ్డకి ప్రమాదం. రెటినాల్ అని రాసున్న క్రీములు కూడా గర్భం వచ్చాకే కాదు, గర్భం కోసం చూస్తున్నప్పుడు కూడా మానేయాలి. ఇలాంటివి కొనేముందు కొత్తపేటలో ఒక స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి, ఫీజు దండగ అనుకోవద్దు.

ఇంకోటి, లోపలి భాగాలకని అమ్మే వాష్‌లు. యోని లోపల పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే అంకె) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటది, ఒంటిసబ్బుది 9, 10 ఉంటది, కాబట్టి అక్కడ ఒంటిసబ్బు రుద్దకూడదన్నది నిజమే. కానీ దానికి జవాబు ఇంకో సీసా కొనటం కాదు, లోపలి భాగం తనంతట తనే శుభ్రపడుద్ది, బయట మంచినీళ్ళు చాలు. దురదా, వాసనా, తెల్లబట్ట ఎక్కువైతే సిగ్గుపడకుండా లేడీ డాక్టర్‌కి చెప్పండి. ఆడపిల్లలున్న అమ్మలు ఇది వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

తెల్లబడే క్రీముల్లో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, మగాళ్ళకని ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ 2005లో వచ్చింది, 2020లో మొదటిది పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మన పిల్లలకి తమ రంగు మీద దిగులు పుట్టించి అమ్మే వ్యాపారం అది, అందుకని మా ఇంట్లోకి అలాంటి ట్యూబు ఏదీ రానివ్వను. మెడికల్ షాపులో ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన క్రీము మొహానికి రాసేవాళ్ళు కూడా ఉన్నారు, చర్మం పల్చబడి ఎర్రబడి మొటిమలేస్తాయి. దయచేసి ఆ పని చేయకండి.

ఇదంతా రాయటానికి అసలు కారణం మా ఆయన. రోజూ బండి మీద మంగళగిరి మీదుగా విజయవాడ వెళ్ళొస్తాడు, చేతులు, మెడ, ముక్కు కమిలిపోయి మచ్చలొచ్చాయి. సన్‌స్క్రీన్ రాసుకోండి అంటే "నాకెందుకే ఆడాళ్ళ క్రీము" అని నాలుగేళ్ళు తప్పించుకున్నాడు. డబ్బులదేముంది, ఆ మాట వల్ల అవసరమైన మనిషికి అవసరమైంది అందలేదు, నా బాధ అది. సన్‌స్క్రీన్‌కి ఆడా మగా లేదు, ఎస్‌పీఎఫ్ 30 ఉంటే సూర్యుడి యూవీబీ కిరణాల్ని (చర్మాన్ని కమిలించేవి) సుమారు 97 శాతం ఆపుద్ది, 50 అయితే 98, పక్కన పీఏ అని (యూవీఏ అనే ఇంకో రకం కిరణాల్ని ఆపే గుర్తు అది) ప్లస్‌లు ఎన్నుంటే అంత మంచిది. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడుగునా గీత గీసినంత పట్టుద్ది, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. బండి డిక్కీలో మాత్రం పడేయొద్దు, మన ఎండకి అది పాడైపోద్ది. మా ఆయనకి సెంటు లేని తెల్ల ట్యూబు, పైన ఏ బొమ్మా లేనిది తెచ్చా. రాత్రి పడుకునే ముందు దాన్ని ఆయన హెల్మెట్‌లో పెడతా, పొద్దున హెల్మెట్ తీస్తే ముందు అదే చేతికి తగులుద్ది.