వార్డులో పెద్దవాళ్లకు నిద్ర పట్టాలంటే

"సిస్టర్, నాన్నకు నిద్ర పట్టట్లేదు, ఒక మాత్ర వేయండి." నైట్ డ్యూటీలో నేను ఎక్కువగా వినే మాట ఇదే. మాత్ర సంగతి తర్వాత. రాత్రి నిద్రకు ఏర్పాట్లు పగలే మొదలుపెట్టాలి.

ముందు మందుల చీటీ తీయండి. ఒంట్లో నీరు లాగే ఫ్యూరోసెమైడ్ దాదాపు 6 గంటలు పనిచేస్తుంది. దాని రెండో డోసు రాత్రి ఎనిమిదింటికి పడిందంటే ఇక పడక మీద కన్నా బాత్రూమ్ దారిలోనే ఎక్కువ ఉంటారు, కాలుజారి పడేదీ అప్పుడే. మధ్యాహ్నానికి జరపొచ్చేమో డాక్టర్‌ని అడగండి. స్టెరాయిడ్ ఉంటే పొద్దున వేయొచ్చేమో, నొప్పి మందు పడుకునే ముందు ఇవ్వొచ్చేమో కూడా అడగండి. సొంతంగా వేళలు మార్చొద్దు.

సెలైన్, మందులు కొలత ప్రకారం నరంలోకి పంపే ఇన్‌ఫ్యూజన్ పంపు గోల వేరు. కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) మోచేతి మడతలో ఉంటే, నిద్రలో చెయ్యి ముడిచినప్పుడల్లా లైను నొక్కుకుపోయి పంపు కూస్తుంది. మేం వచ్చి ఆపుతాం, ఆయన మళ్లీ ముడుస్తారు. ఈలోగా పక్క మంచం ఆవిడ కూడా లేచి కూర్చుంటుంది. చెయ్యి చాపి ఉండేలా కింద చిన్న దిండు పెట్టండి. కాన్యులా మార్చేటప్పుడు ముంజేతికి వేయమనండి.

వార్డులో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే గుసగుస అంత. మా మందుల ట్రాలీ చక్రం ఒక్కటి చాలు దాన్ని దాటడానికి! అందుకే ఇయర్‌ప్లగ్స్, కంటి మాస్కు దగ్గర పెట్టుకోండి. మీ ఫోన్ కూడా సైలెంట్‌లో పెట్టండి, చెప్పక తప్పట్లేదు.

తెల్లవారుజామున రెండింటికి బీపీ చూడ్డానికి లేపుతున్నామని మామీద విసుక్కుంటారు. ఆర్డర్ ఉంటే మేం మానలేం. మనిషి నిలకడగా ఉంటే, రాత్రి కొలతలు తగ్గించవచ్చా అని రౌండ్స్‌లో డాక్టర్‌నే అడగండి.

పగలు కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టి, వీలైతే కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం కునుకు అరగంట చాలు.

ఇక మాత్ర. డయాజెపామ్, లోరాజెపామ్ లాంటివి, కొన్ని జలుబు మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ పెద్దవాళ్లను తికమకపెడతాయి, పడిపోయేలా చేస్తాయి. ఇంటినుంచి తెచ్చి వేయొద్దు. ఏళ్లుగా వాడుతుంటే మాత్రం దాచకుండా చెప్పండి, ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రాత్రి మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, ట్యూబులు పీకుతున్నా, పగలంతా మగతగా పడున్నా అది నిద్రలేమి కాదు, డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే మతి తికమక, కావచ్చు. ఏ వేళైనా సరే, వెంటనే మమ్మల్ని పిలవండి.