సుంబా దీవి పల్లెలో కాపురం, పెట్టుబడి, ప్రయాణం: ముందుగా తెలుసుకోవలసినవి

ఇండొనేసియాలో బాలికి తూర్పున, ఫ్లోరెస్‌కు దక్షిణాన, సుమారు 11,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న దీవి సుంబా. బాలిలో భూమి ధరలు అందకుండా పోయాక చాలామంది విదేశీయుల చూపు ఇటు మళ్లింది. ఇక్కడి పల్లెలో కొంతకాలం ఉండాలనో, కాస్త డబ్బు పెట్టాలనో అనుకునే తెలుగువారికి నేను మొదట చెప్పే మాట ఒక్కటే: ఒక వానకాలం, ఒక ఎండకాలం పూర్తిగా అక్కడ గడపకుండా భూమి గురించి మాట్లాడవద్దు. ఆ మాట ఎందుకంటున్నానో ముందుకు చదివితే తెలుస్తుంది.

ప్రయాణం పెద్ద కష్టం కాదు. సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా బాలిలోని డెన్‌పసార్ చేరి, అక్కడి నుంచి చిన్న విమానంలో నైరుతి సుంబాలోని తంబోలకకు గాని, తూర్పు సుంబాలోని వైంగాపుకు గాని వెళ్లవచ్చు. తీరిక ఉన్నవారికి సుంబావా దీవిలోని సపె రేవు నుంచి ఓడ ఉంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మనలాగే రోడ్డుకు ఎడమవైపునే బండ్లు నడుపుతారు. భారతీయులకు దిగిన చోటనే 5,00,000 రూపియాలకు 30 రోజుల వీసా ఇస్తారు, దాన్ని మరో 30 రోజులకు ఒకసారి పొడిగించుకోవచ్చు. గడువు దాటితే రోజుకు 10,00,000 రూపియాల జరిమానా పడుతుంది. ఈ వీసాపై పనిచేయడం, వ్యాపారం నడపడం నేరం. స్నేహితుడి హోంస్టేలో అతిథులను చూసుకోవడం కూడా పని కిందికే రావచ్చు కనుక ఎక్కువకాలం ఉండదలచినవారు ముందే తగిన నివాస అనుమతి తీసుకోవాలి.

ఊళ్లో అడుగుపెట్టడం అసలైన మొదటి పరీక్ష. సుంబా పాత గ్రామాలు కొండ నెత్తిన ఉంటాయి. గడ్డి కప్పిన ఎత్తయిన గోపురం వంటి కప్పులు, ఇళ్ల ముందే పెద్ద పెద్ద రాతి పలకలతో కట్టిన పూర్వీకుల సమాధులు దూరం నుంచే కనిపిస్తాయి. ఆ పలకల మీద పిల్లలు ఆడుకోవడం, ధాన్యం ఎండబోయడం చూసి మనమూ వెళ్లి కూర్చోకూడదు. నేరుగా గ్రామపెద్ద ఇంటి అరుగు దగ్గరకు వెళ్లి, వారు రమ్మన్నాకే ఎక్కాలి. కొన్ని ఇళ్లలో మగవారికి, ఆడవారికి వేర్వేరు ద్వారాలు ఉంటాయి కాబట్టి వారు చూపిన వైపు నుంచే వెళ్లాలి. చాప పరిచిన తరువాత మొదట ముందుకు వచ్చేది అల్లిన బుట్టలో సిరిహ్ పినాంగ్, అంటే మన తాంబూలం. వక్క మనదే, సున్నం మనదే. ఆకుకు బదులు మాత్రం వేలెడు పొడవున్న ఆకుపచ్చని తమలపాకు కాయను కొరికి, సున్నంలో అద్ది నములుతారు. నమలడం అలవాటు లేకపోతే చేతిలోకి తీసుకుని సంచిలో వేసుకోవచ్చు గాని, వద్దని చేయి మాత్రం ఊపకూడదు. తాంబూలం కాదన్నవాడు శత్రుత్వంతో వచ్చాడని ఎంచిన కాలం ఇక్కడ ఎంతో వెనుకటిది కాదు. వెళ్లేముందు సంతలో ఒక కట్ట కాయలు, గుప్పెడు వక్కలు కొని తీసుకుపోతే డబ్బుతో రాని మర్యాద దక్కుతుంది. పశ్చిమ ప్రాంతంలో మగవారు నడుముకు పొడవాటి కత్తి చెక్కుకుని తిరగడం వేషంలో భాగం. దాన్ని చూసి బెదరవలసిన పని లేదు. రటెంగారో వంటి పేరుపడ్డ గ్రామాల్లో మాత్రం గుర్రం ఎక్కడానికైనా, ఫొటోకైనా ధర ముందే మాట్లాడుకోవడం మంచిది.

దీవిలో భాషలు అనేకం. కంబెర, కోది, వెయెవ వంటివి ఊరూరా మారుతున్నా ఇండొనేసియా భాష అంతటా నడుస్తుంది. అది తెలుగువారికి కొంత సులువు కూడా: నామ, భాష, సాక్షి, స్త్రీ అనే మాటలు కొద్ది మార్పుతో అక్కడా ఉన్నాయి. గ్రామపెద్దను కెపాల దేస అంటారు, అంటే కపాలమూ దేశమూ కలిసిన మాట. పెద్దవారిని బాపక్, మామ అని పిలవాలి. ఇక్కడ మామ అంటే అమ్మ వరస, మేనమామ కాదు. తూర్పు సుంబాలో పెద్ద వంశాల పురుషులను ఉంబు అని, స్త్రీలను రంబు అని గౌరవిస్తారు. ఎవరిని ఏమని పిలవాలో తెలియనప్పుడు అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

నివాసానికి సంబంధించి మొదటి సమస్య నీరు. సున్నపురాయి నేల కావడంతో ఊటలు లోయల్లో ఉంటాయి, ఊళ్లు కొండల మీద ఉంటాయి, ఆ మధ్య దూరమంతా ఆడవారు, పిల్లలు బిందెలతో, డబ్బాలతో నడుస్తారు. ఏప్రిల్ మొదలు నవంబరు దాకా వాన దాదాపు ఉండదు. ఫిబ్రవరిలో వచ్చి పచ్చని కొండలు చూసి మురిసిపోయినవారు అక్టోబరులో అదే చోటికి వస్తే గుర్తుపట్టలేరు. అందుకే అద్దెకు తీసుకునే ఇంటినైనా, లీజుకు తీసుకునే స్థలాన్నైనా అక్టోబరులో చూడాలి. బావి ఉందని చెబితే తాడు, చేద తీసుకుని స్వయంగా తోడి చూడాలి.

రెండవది మలేరియా. ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం కూడా ఈ దీవిలో ఉంది. బయలుదేరే ముందే వైద్యుని అడిగి నివారణ మాత్రలు వాడాలి, దోమతెర తప్పనిసరిగా కట్టుకోవాలి, జ్వరం వచ్చిన రోజే పుస్కెస్మస్ అనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. పెద్ద చికిత్సకు బాలి వెళ్లవలసి రావచ్చు కాబట్టి, రోగిని విమానంలో తరలించే ఖర్చు భరించే బీమా లేకుండా ఇక్కడ కాపురం పెట్టవద్దు. కరెంటు ముందుగా డబ్బు కట్టి 20 అంకెల సంఖ్యను మీటరులో నొక్కే పద్ధతిలో వస్తుంది. నగదు ఎప్పుడూ దగ్గర ఉండాలి, ఎందుకంటే ఏటీఎంలు పట్టణాల్లోనే ఉంటాయి. తిండికి లోటు లేదు: అన్నం, మొక్కజొన్న, బొప్పాయి ఆకు వేపుడు, ఘాటైన మిరపకాయ పచ్చడి. శాకాహారులకు సోయాతో చేసే తెంపె, తహు ఆధారం, అయితే విందుల్లో వారి పరిస్థితి ఇబ్బందికరమే.

విందులంటే ఎక్కువగా చావు విందులే. మరాపు అనే పూర్వీకుల ఆరాధన ఈ దీవి జీవితానికి వెన్నెముక. ఇండొనేసియా రాజ్యాంగ న్యాయస్థానం 2017లో ఇలాంటి స్థానిక విశ్వాసాలను గుర్తింపు కార్డులో రాసుకునే హక్కు ఇచ్చింది. పెళ్లికి, చావుకు పశువులు, గుర్రాలు, పందులు, బట్టలు చేతులు మారతాయి. ఎవరు ఎవరికి ఏమి తెచ్చారో తరాల పాటు గుర్తుంటుంది. మన పల్లెల్లో చదివింపుల పుస్తకం రాసుకున్నట్లే, కాకపోతే ఇక్కడ లెక్క దున్నపోతుల్లో ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ఉత్సాహపడి పెద్ద కానుక ఇస్తే అది ఎదుటివారి నెత్తిన అప్పుగా కూర్చుంటుంది, తిరిగి ఇచ్చినప్పుడు మీ నెత్తినా కూర్చుంటుంది. కాబట్టి చక్కెర, కాఫీపొడి, ఒక బట్ట అనే స్థాయిలో మొదలుపెట్టి, ఇరుగుపొరుగు ఏమి తీసుకువెళుతున్నారో చూసి నడుచుకోవాలి. తరుంగ్ గ్రామంలో అక్టోబరు, నవంబరు ప్రాంతంలో వచ్చే వుల్ల పొద్దు అనే పవిత్ర మాసంలో అనేక నిషేధాలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలలో జరిగే పసోల, అంటే గుర్రపు రౌతులు మొద్దు ఈటెలు విసురుకునే ఉత్సవం, తేదీని సముద్రంలో న్యాలె పురుగులు పైకి వచ్చే రోజును బట్టి రాతో అనే పూజారులు నిర్ణయిస్తారు కనుక, తిరుగు టికెట్టు వారం రోజుల వెసులుబాటుతో కొనుక్కోవాలి.

ఇక భూమి సంగతి. ఇండొనేసియా 1960 నాటి భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఆ దేశ పౌరులకే దక్కుతుంది. (ఆ హక్, మన హక్కు ఒకే అరబీ మాట.) స్థానికుడి పేరున కొని మనం అనుభవించే బినామీ ఏర్పాటును మధ్యవర్తులు చాలా సులువుగా చెబుతారు. అదే చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం అలాంటి బదిలీ చెల్లదు, భూమి ప్రభుత్వపరమవుతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే దారి ఉండదు. విదేశీయులకు మిగిలినవి మూడు దారులు. ఒకటి, గడువు కట్టుకున్న లీజు. రెండు, నివాస అనుమతి ఉన్నవారికి ఇంటి మీద లభించే హక్ పకై, అంటే వాడుకునే హక్కు, ఇది 2021 నాటి 18వ ప్రభుత్వ నిబంధన ప్రకారం 30 ఏళ్లకు, తరువాత 20, ఆ తరువాత మరో 30 ఏళ్లకు సాగుతుంది. మూడు, విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేరున నిర్మాణ హక్కు తీసుకోవడం. ఈ చివరిదానికి భూమి, భవనాల విలువ కాకుండానే 1,000 కోట్ల రూపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక, అంటే మన డబ్బులో దాదాపు అయిదు కోట్లు, చూపాలి. నాలుగు గదుల హోంస్టే కోసం ఈ దారి పట్టడం నా దృష్టిలో అవివేకం.

చట్టం కన్నా చిక్కు వంశం దగ్గర ఉంది. పల్లె భూమి చాలావరకు కబిసు అనే వంశానిది, తూర్పున దీన్నే కబిహు అంటారు. ఆ భూమిని ఏలుకునే మనిషి నిజాయితీగానే అది తనదని చెప్పవచ్చు, మరుసటి ఏడు అతని పినతండ్రి కొడుకులు వచ్చి తమదనీ చెప్పవచ్చు, ఇద్దరి మాటలోనూ అబద్ధం ఉండదు. 2018 ఏప్రిల్‌లో పశ్చిమ సుంబాలోని మరోసి తీరంలో భూమి కొలతల దగ్గర మొదలైన ఘర్షణలో తుపాకి గుండు తగిలి ఒక గ్రామస్థుడు ప్రాణాలు కోల్పోయాడు. కనుక లీజుకు ముందే వంశ పెద్దలందరినీ ఒక చోట కూర్చోబెట్టి అడగాలి, వారసుల సంతకాలు తీసుకోవాలి, నాలుగు హద్దుల రైతులను కొలత రోజున పొలంలో నిలబెట్టాలి. తరువాత ప్రభుత్వ భూకార్యాలయంలో సర్టిఫికెట్టును, పటాన్ని స్వయంగా సరిచూసుకుని, అమ్మకందారు చూపిన నోటరీ దగ్గర కాకుండా మీరు ఎంచుకున్న నోటరీ దగ్గర పత్రం రాయించాలి. గ్రామపెద్ద సంతకం చేసిన కాగితం పట్టా కాదు. కొలత ఆరెల్లో చెబుతారు: ఒక ఆరె 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. తీరంలో గరిష్ఠ పోటు గీత నుంచి 100 మీటర్ల లోపలి దాకా కట్టడాలకు వీలుండదు. 1977 ఆగస్టులో ఈ దీవి దక్షిణాన వచ్చిన భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ తెలిసినవారెవరూ ఆ 100 మీటర్ల కోసం బాధపడరు.

కొద్దిపాటి డబ్బు పెట్టదలచినవారికి నేను సూచించేది ఇకత్, అంటే నూలును ముడివేసి రంగద్ది నేసే బట్ట. వైంగాపు పక్కనున్న ప్రైలియులో, ఇంకా తూర్పున రెండెలో మగ్గం దగ్గరే కూర్చుని కొనవచ్చు. మన పుట్టపాక తేలియా రుమాలులో పడుగునూ పేకనూ రెండింటినీ ముడివేసి అద్దుతారు, ఇక్కడ పడుగు మాత్రమే ముడివేస్తారు. నీలిమందు తొట్టిలో, ఆపైన తొగరు జాతి వేరు రంగులో మళ్లీ మళ్లీ ముంచి ఆరబెడతారు కాబట్టి మంచి హింగ్గి (మగవారు కట్టుకునే, కప్పుకునే పెద్ద ఇకత్ బట్ట) ఒకటి పూర్తికావడానికి నెలలు పడుతుంది. అంచు దగ్గర ఒక పోగు విడదీసి చూస్తే రంగు లోపలిదాకా దిగిందో లేదో తెలుస్తుంది. రసాయన రంగు బట్టకు చెప్పే ధర వేరు, వేరు రంగుకు చెప్పే ధర వేరు.

భారతదేశంలో నివసించేవారు డబ్బు పంపేటప్పుడు రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్లు మించకూడదు. పెట్టుబడి కోసం 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది, ఆదాయపు పన్ను రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. అక్కడి బ్యాంకు ఖాతాను, లీజును, కంపెనీ వాటాను ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో చూపాలి. చూపనివారికి 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు కనుక, లీజు పత్రం నకలుతో పాటు డబ్బు పంపిన ప్రతి రసీదునూ ఇక్కడి ఆడిటరు దగ్గర ఒక ప్రతి ఉంచి బయలుదేరండి.